మిగ్దాలియా అడిగిన తెర

మా ప్లిమత్ కారు డ్యాష్‌బోర్డు మధ్యలో పలక పట్టేంత బొక్క ఉంది. ఎక్కిన ప్రతివాడూ రేడియో ఎవరైనా ఎత్తుకుపోయారా అని అడుగుతాడు. అవునంటాను. రెమేదియోస్ నుంచి సాంతా క్లారా దాకా రోజూ మనుషుల్ని చేరవేస్తాను. అందరికీ కథ చెప్పే ఓపిక నాకు లేదు.

ఆ బొక్క కోసింది నివాల్దో, నా భార్య మిగ్దాలియా తమ్ముడు. టీవీలు బాగుచేస్తాడు. బండి వాళ్ళ నాన్నది, యాభై ఒకటో సంవత్సరం నాటిది. ముసలాయన పోయేముందు తాళాలు కొడుక్కి కాకుండా నాకిచ్చాడు. నివాల్దో అది మరచిపోలేదు. నేనూ మరచిపోనివ్వలేదు.

మిగ్దాలియాకు జబ్బు చేసిన ఏడు, మందు ఎక్కించడానికి వారం వారం సాంతా క్లారా ఆసుపత్రికి రమ్మనేవారు. తీసుకెళ్ళేది ఒక మనిషిని, తీసుకొచ్చేది ఇంకో మనిషిని. నవంబరు చివర్లో ఒక పొద్దున, కాఫీ గిన్నె పొయ్యి మీంచి దించుతూ, ఇక రానని చెప్పింది. మందును ఓర్చుకోగలదట, ఆ దారిని ఓర్చుకోలేదట. అటు చూస్తే చెరకు, ఇటు చూస్తే నా ముఖం. మందు ఆపితే ఏమవుతుందో డాక్టరు ఇద్దరికీ చెప్పే ఉన్నాడు. బతిమాలాను. నాకు బతిమాలడం రాదు. అరిచినట్టుంది.

నివాల్దో ఆ పూట మా ఇంట్లోనే ఉన్నాడు. ఏముంటే వస్తావక్కా అని వాడు అడిగాడు. వెక్కిరింతకే అంది మిగ్దాలియా.

"పర్రాండా చూపిస్తూ తీసుకెళ్ళండి. వస్తాను."

పర్రాండా మా ఊరి క్రిస్మస్ జాతర. ఊరిలో రెండు పేటలు. కార్మెన్ పేటది డేగ, సాన్ సల్వదోర్ పేటది కోడిపుంజు. రెండు పేటలూ ఏడాదంతా దాచి దాచి రథాలు కట్టి, ఆ ఒక్క రాత్రి బాణసంచాతో ఊరి చెవులు పగలగొడతాయి. అక్కాతమ్ముళ్ళు డేగలు. నేను పుంజుని. పెళ్ళయ్యాక కూడా ఆ రాత్రి మేం విడివిడిగానే నిలబడేవాళ్ళం. ఆ ఏడు తను జాతర జరిగే మైదానం దాకా నడవలేదని ముగ్గురికీ తెలుసు.

అన్ని ఏళ్ళ వీడియోలూ తన దగ్గరున్నాయని నివాల్దో చెప్పాడు. బండిలో కంప్యూటర్ బిగిస్తాడట, వేలితో తాకితే ఏ ఏడు కావాలంటే ఆ ఏడు వస్తుందట.

"పుంజులు గెలిచిన ఏళ్ళు కూడా ఉన్నాయట్రా?"

"అలాంటి ఏళ్ళు ఎక్కడున్నాయక్కా?"

మిగ్దాలియా నవ్వింది. ఆ నవ్వు విని చాలాకాలమైంది. "సరే, అది పెట్టండి, వస్తాను. పెట్టలేకపోతే మాత్రం నన్ను లాక్కుపోవద్దు. ఇద్దరికీ చెబుతున్నా," అంది.

నివాల్దో మా భోజనాల బల్ల ఆక్రమించాడు. మూత విరిగిన ల్యాప్‌టాప్ లోపలి బోర్డు ఎక్కడో సంపాదించాడు. మూతబడ్డ క్యాంటీన్‌లో బిల్లులు కొట్టే యంత్రం నుంచి వేలితో తాకే తెర ఊడదీశాడు. మా పాత ఫ్రిజ్ తలుపు రేకు కత్తిరించి పెట్టె చేశాడు. నేను రేడియో తీసి ఇచ్చాను. డ్యాష్‌బోర్డు ఇనుమును వాడు రంపపు బ్లేడుతో కోస్తుంటే నేను పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

ఆ వారం మా ఇల్లు ఇల్లులా ఉంది. తెర ఇంకా బల్ల మీదే ఉండగా, మిగ్దాలియా కర్రపెండలం తొక్క తీసిన తడి చేత్తోనే తాకేది. తెర పలికేది కాదు. చెయ్యి తుడుచుకో అక్కా అని వాడు, నీ తెర తుడుచుకో అని తను. తాకితే రథం కదిలేది. రాజులు, హంసలు, నక్షత్రాలు. ఎవరి గౌను ఎవరు కుట్టారో చెప్పేది. పుంజుల రథం వస్తే వేలితో పక్కకు తోసేసేది. నేను వెనక నిలబడి తిట్టేవాణ్ణి. మళ్ళీ తోసేది.

ఆసుపత్రికి ముందురోజు మధ్యాహ్నం నివాల్దో పెట్టెను డ్యాష్‌బోర్డులో దింపి మరలు బిగించి, తీగలు కలిపి, మీట నొక్కాడు. తెర వెలగలేదు. సందుల్లోంచి తెల్లటి పొగ వచ్చింది. కాలిన ప్లాస్టిక్ కంపు వీధంతా కొట్టింది.

మిగ్దాలియా గుమ్మంలోకి వచ్చింది. "ఏమర్రా, కార్మెన్ పేట బాణసంచా అప్పుడే మొదలైందా?"

ఎవరమూ నవ్వలేదు. నివాల్దో పెట్టె ఊడదీసి, చాలాసేపు బ్యాటరీల వైపు చూశాడు.

"బావా, బ్యాటరీలో బండి ఒంటికి కలిపింది మైనస్ కాదా?"

"ప్లస్."

"పన్నెండు వోల్టులకు మార్చావుగా. ఊళ్ళో మార్చినవాళ్ళందరూ ఒంటికి మైనస్ పెట్టుకున్నారు."

"మీ నాన్న ప్లస్‌గానే ఉంచాడు. నేను తిప్పలేదు."

"ఒక్క మాట చెప్పొచ్చుగా."

"అడగొచ్చుగా. ఈ బండిలో పెరిగినవాడివి."

ఆ కాలపు ప్లిమత్‌లన్నీ అంతే. ఇనుమంతా ప్లస్. వాడి పెట్టె ఇనుము మైనస్. రెంటినీ మరలతో బిగించాడు. బోర్డు పోయింది, తెర పోయింది, వీడియోలున్న డిస్కు కూడా పోయింది. వాడి కాపీలు ఇంట్లో ఉన్నాయి, కానీ అవి చూపించడానికి ఏముంది? వాడు అక్క ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు.

తెల్లవారింది. నేను బండి బయటికి తీశాను. ఒక్కణ్ణే కూర్చున్నాను. రమ్మని పిలవలేదు. లాక్కుపోవద్దంది కదా.

మిగ్దాలియా శాలువా కప్పుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"తెర లేదుగా," అన్నాను.

"నువ్వు రోడ్డు చూడు. చెవులు మాత్రం ఇటు పెట్టు," అంది.

ఊరు దాటకముందే మొదలుపెట్టింది. వాన పడి బాణసంచా తడిసిన ఏడు. హంస మెడ విరిగి కరెంటు తీగ మీద పడిన ఏడు. దారిలో కమాహువానీ ఊరు వచ్చేసరికి, వీడియోలు లేని రోజుల్లోకి వెళ్ళిపోయింది. నివాల్దో చిన్నప్పుడు రథం మీద యువరాజు వేషం కట్టాడు. రథం మీద మనుషులు బొమ్మల్లా నిలబడాలి, రెప్ప కూడా వేయకూడదు. కందిరీగ వచ్చి వాడి చెవి మీద వాలింది. కుట్టింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, వాడు కదల్లేదు. రథం దిగాక ఎందుకురా అంటే, అక్క చూస్తోందిగా అన్నాడట.

"వాడిలాంటి వాడు పుంజుల్లో ఒక్కడు లేడు," అంది మిగ్దాలియా. శాలువా సర్దుకుని, "నిన్న వాణ్ణి ఆ బాణసంచా మాట అనకుండా ఉండాల్సింది," అంది.

నేను గేరు మార్చాను.

ఆసుపత్రి వచ్చినా కథ అయ్యేదాకా దిగలేదు. వెనకాల అంబులెన్సు హారన్ కొట్టింది. ఆగమను అంది. ఆ తరువాత కూడా వేసవిలో తను చనిపోయేదాకా ఏ వారమూ మానలేదు. ప్రతిసారీ ఒక ఏడు చెప్పేది. రేడియో ఉన్నన్నాళ్ళూ ఆ దారిలో మేం మాట్లాడుకోలేదు.

పోయిన నెల నివాల్దో కొత్త పెట్టె తెచ్చాడు. ఈసారి కొయ్యది. వేసేదా బావా అన్నాడు. వద్దన్నాను. వెళ్ళకుండా నిలబడ్డాడు. తల నెరిసిపోయింది వాడికి. ఇంతకాలానికి అడిగాడు.

"ఆ దారిలో అక్క నా గురించి ఏమైనా అందా?"

"నీ గురించా? లేదు," అన్నాను.

వాడు పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. మిగతా ఏళ్ళన్నీ వాడి దగ్గరున్నాయి. కందిరీగ కుట్టిన ఏడు నా దగ్గరుంది. ఇవ్వను.