చేతిలో ఒక్క ఆమేన్

ఆమేన్, అదొక్కటే కదా చేతిలో ఉన్న సరుకు, అనుకున్నాడు కనుకయ్య, భార్య మంచం పక్కన స్టూలు మీద ఫోను పట్టుకుని కూర్చుని, ఇన్నేళ్ల ప్రార్థనలో తన పెట్టుబడి ఆ ఒక్క మాటే, మిగతాదంతా ఓదెమ్మే పెట్టింది, పొద్దున్నే చాయ్ పొంగేలోపు కొంగు నెత్తిన కప్పుకుని మొదలుపెట్టేది, యేసయ్యా, మా సాంచాలు మంచిగ తిరగనియ్యి, పోగు తెగనియ్యకు, కరెంటు పోనియ్యకు, బిడ్డను సల్లగ సూడు, ఈ మనిషికి జర బుద్ధియ్యి, అని గల్లీ అంతా వినబడేట్టు, భివండిలో మరమగ్గాన్ని సాంచ అనే మనుషులకు, ఆ మోత మీదనే కాపురం చేసేవాళ్లకు మెల్లగా మాట్లాడటం ఎక్కడొస్తుంది, జర మెల్లగనవే అంటే, కింద సాంచాలు నడుస్తున్నయి, మెల్లగంటే దేవునికి ఎట్ల ఇనబడ్తదయ్యా అనేది, చివర్లో తను ఆమేన్ అనేవాడు, ఒక్కోసారి చాయ్ గుటకకూ గుటకకూ మధ్య, అట్లా సాగిపోయింది దుకాణం.

ఇప్పుడు ఓదెమ్మ మాటే పడిపోయింది, పక్షవాతం కుడిచెయ్యినీ నోటినీ కలిపి పట్టుకుపోయింది, మాట రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు, అదేం బేరం, ఏ వ్యాపారైనా సరుకు రావచ్చు రాకపోవచ్చు అంటే తను ఊరుకుంటాడా, కానీ ఊరుకున్నాడు, ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున ఓదెమ్మ ఎడమచేత్తో కొంగు నెత్తి మీదికి లాక్కుని తన వైపు చూసింది, ఇక నీ వంతు అన్నట్టు, తను గోడ వైపు చూశాడు, నూలు ధర తెగ్గొట్టి తెగ్గొట్టి పదునెక్కిన నోరు అక్కడ ఒక్క ముక్క కూడా పలకలేదు, ఆమె కాసేపు చూసి కొంగు దించేసింది, ఆ దించడం చూశాడే, అప్పటి నుంచి తన గుండెలో అదొక ముల్లు, ఆమె మాటతోపాటు ఆమె ప్రార్థన కూడా ఈ ఇంట్లో ఆగిపోతే అది తన వల్లే.

బాపూ, టెన్షన్ కశాలా, ఎందుకంట, ఏఐకి చెప్పు, ప్రేయర్ బనాకే దేతా, అదే తయారుచేసిస్తది, అంది దీపాలి, మరాఠీ బడిలో చదివిన బిడ్డ, ఫోనులో పెట్టిచ్చి డ్యూటీకి పోయింది, నిజమే, అడిగితే ఇచ్చింది, కృపామయుడవైన తండ్రీ, నీ సన్నిధిలో వినమ్రులమై మోకరిల్లుచున్నాము, ఎక్కడా ముడి లేని సన్న నూలు లాంటి మాటలు, అది ఒక ముక్క అంటే తను ఒక ముక్క అన్నాడు, ఓదెమ్మ కళ్లు మూసుకుని మర్యాదగా విన్నది, బయటి ఊరి నుంచి పెద్ద పాస్టరు వస్తే వినేట్టు, అయిపోయాక ఆమె పెదవి కదల్లేదు, ఆమేన్ కూడా తనే అన్నాడు, అమ్మేదీ కొనేదీ తనే అయితే అది బేరమెట్లా అవుతుంది. దాన్నే అడిగి చూశాడు, నువ్వు యేసయ్యను నమ్ముతవా అని, నేను యంత్రాన్ని, నాకు విశ్వాసం ఉందని చెప్పలేను, మీ మనసులో ఉన్నదానికి మాటలు వెతకడంలో సాయపడగలను, అంది, ఆ జవాబు కనుకయ్యకు నచ్చింది, పరాయి సరుకుకు తమ చాపా, తమ ముద్ర వేసి అమ్మేవాళ్లను ఎంతమందిని చూడలేదు, ఇది నాది కాదని ముందే చెప్పింది, వరాలా తలావ్ చెరువు దగ్గర సాయంత్రం కలిసిన పాస్టరయ్య కూడా, మాట ఎవరిదైతేనేంది కనుకయ్యన్నా, మనం పాడే పాటలు మనం రాసినవేనా, మనసు నీదైతే సాలు, అన్నాడు, అదిగో, చిక్కంతా అక్కడే, తను మనసులోది దానికి ఏం చెప్పాడని, ఒక ప్రార్థన ఇయ్యి అన్నాడు, ఉప్పు పొట్లం అడిగినట్టు.

అందుకే ఇవాళ తన గోడు తానే చెప్పాడు, మా సాంచాలు బందున్నయి, పోగులు తెగినయి, మల్ల మంచిగ నడవాలె, గిరాకీ లేక సాంచాలు ఆగిన మాట నిజమే, అసలు మాట అది కాదు, అసలు మాట మంచం మీద పడుకుని తననే చూస్తోంది, అది మాత్రం ఫోనుకు చెప్పలేదు, ఫోను మొదలుపెట్టింది, కరుణామయా, మూతపడిన మా సంచులను కరుణించుము, తనూ అన్నాడు, పోగులు తెగిన మా సంచులను నీవే కుట్టుము, తనూ అన్నాడు, ఆమె చూపు తప్పించుకోవడంలోనే ధ్యాసంతా, నిండిన సంచులతో మమ్మును నడిపించుము, అంటుండగా మంచం ఊగింది, మళ్లీ వచ్చిందా జబ్బు అని లేచాడు, కాదు, ఓదెమ్మ పొట్ట ఎగిరెగిరి పడుతోంది, నోరు ఎడమవైపు మాత్రం పైకి పోయింది, కంట్లో నీళ్లు, ఎడమచెయ్యి ఎత్తి చూపిస్తోంది, మేకుకు వేలాడే కూరగాయల సంచిని.

సాంచాలు అంటే సంచులు అనుకున్నది ఫోను, పిచ్చిది, దానికి సాంచ సంగతి ఎవరు చెప్పారు గనక, కనుకయ్యకు కూడా నవ్వు తన్నుకొచ్చింది, ఫోనును బోర్లా పెట్టి, సంచులు గావు ప్రభువా, సాంచాలు, అది తెల్వక చెప్పింది, నువ్వు గదే పట్టుకోకు, నీకెర్కనే గదా, సాంచాలు ఇయ్యాల గాకుంటే రేపు నడుస్తయి, ముందుగాల గీమె నోరు నడిపియ్యి, గీమె లొల్లి లేక పొద్దుగాల చాయ్ దిగుతలేదు నాకు, ఇన్నొద్దులు నాకు బుద్ధియ్యమని గీమెనే అడిగింది, నాకు అడుగుడు రాదు, గీమెను గిట్ల ఒదిలిపెట్టకు, నాకు భయమైతుంది, అని ఆగాడు, అరుస్తున్నాడు తను, కింద ఏ మోతా లేకపోయినా అచ్చం ఆమెలాగే అరుస్తున్నాడు, ఎదురింటి కిటికీ తెరుచుకుంది, తెరుచుకోనీ.

ముగించడం తెలియక అట్లాగే నిలబడ్డాడు, చేతిలో ఉన్న ఒక్క మాటా సమయానికి గుర్తు రాలేదు, మంచం మీద ఓదెమ్మ ఎడమచెయ్యి కొంగును నెత్తి మీదికి లాక్కుంది, వంకరపోయిన పెదవి కష్టపడి దగ్గరికొచ్చి విడివడింది, ఆ... మే..., చివరి అక్షరం లోపలే ఉండిపోయింది, ఉండనీ, ఇంత తప్పు విని ఇంత మేలు చేసిన ఫోనుకు దలాలీ ఇవ్వాల్సిందే, అనుకున్నాడు కనుకయ్య కళ్లు తుడుచుకుంటూ, ఇక లెక్క తేలింది, తన దగ్గరున్న ఆ ఒక్క మాట ఓదెమ్మకు చేరింది, ఆమె దగ్గరున్నదంతా తనకొచ్చింది.