కోతపండుగ కారు

మదనపల్లె చర్చిలో కోతపండుగ వేలానికి ఒక మర్యాద ఉండేది. విశ్వాసులు తెచ్చిన కానుకను ఎవరూ తిప్పి చూడరు. పుచ్చు వంకాయలైనా, గుడ్లు పెట్టని కోడైనా, దేవుడికిచ్చింది కనుక కళ్ళకద్దుకుని వేలంపాట పాడాల్సిందే. ఎంత ఎక్కువకు పాడితే అంత భక్తి. ఈ మర్యాదే జయరత్నం కొంప ముంచింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు, చెనిక్కాయలు ఇళ్ళకు చేరాక పండుగ వచ్చింది. స్వదేశానికి వెళ్ళిపోతున్న దొర ఒకాయన తన పాత నల్లకారును కానుకగా ఇచ్చాడు. గుమ్మడికాయల పక్కన, జొన్నకంకుల పక్కన అది పూలదండ వేసుకుని నిలబడింది. చర్చి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు మందులు కలిపి అప్పుడే పని చాలించిన కాంపౌండరు జయరత్నం దాన్ని చూశాడు. చూశాడంటే రంగు చూశాడు, మెత్తటి సీట్లు చూశాడు. బానెట్ ఎత్తి చూపించమనడానికి నోరు రాలేదు. దొర ఇచ్చిన కానుకను, అదీ చర్చి ఆవరణలో, అనుమానించడమా? పాట వెయ్యి దాటింది. పని చాలించినప్పుడు చేతికొచ్చినదంతా ఊడ్చిపెట్టి కారు దక్కించుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. దొర అతన్ని కౌగిలించుకున్నాడు.

"పుంగనూరికి బాడిగకు తిప్పుతాను సూడు. నువ్వింక మిషను తొక్కే పని ల్యా," అన్నాడు భార్య పుష్పమ్మతో.

పుష్పమ్మ నర్సులకు రవికెలు, గౌన్లు కుట్టేది. పెళ్ళికి ముందు తన కూలి కూడబెట్టి కొనుక్కున్న కుట్టుమిషను అది.

"తొక్కుతాలేయ్యా. అది ఉండాది కాబట్టే మనకు గంజికి కరువు ల్యా," అంది.

పుంగనూరు దారిలో మొదటి మిట్టకే రేడియేటరు కుతకుతా ఉడికింది. దాన్ని మార్పించాడు. తరువాత సెల్ఫ్ పోయింది. పొద్దున్నే హ్యాండిల్ తిప్పి తిప్పి మోచెయ్యి వాచింది. బ్రేకులు చెడ్డాయి. టైర్లు అరిగి నూలు బయటపడింది. యుద్ధంలో పెట్రోలు దొరక్క ఆ బండిని బొగ్గు గ్యాసుతో నడిపారు, ఆ మసి ఇంజను లోపలంతా గీరేసిందన్నాడు ఊళ్ళో మేస్త్రీ. ఒక జబ్బు నయమైతే మనిషి లేచి తిరుగుతాడు కదా, బండీ అంతేననుకునేవాడు జయరత్నం. మందులు కలిపిన బుద్ధి ఎక్కడికి పోతుంది! కారు నాలుగు రోజులు తిరిగేది, పది రోజులు పడుకునేది.

చివరికి పిస్టన్ రింగులు మార్చాలన్నారు. ఇంట్లో మిగిలింది మిషనొక్కటే.

"ఇదొక్కటి వద్దయ్యా. నీకు దండం పెడతా," అంది పుష్పమ్మ.

"అమ్మేది కాదుమే, కుదవ పెడతాండాను. రెండు నెలల్లో తెచ్చిస్తాను."

పుష్పమ్మ మిషను మీది గుడ్డ తీసి మడిచి పెట్టెలో పెట్టుకుంది.

కుదవ గడువు ఇంకో రెండు రోజులుందనగా పుంగనూరు రైతు గంగప్ప వచ్చాడు. మద్రాసు కోర్టులో వాయిదా ఉంది, కుప్పంలో రైలు అందుకోవాలి. సమయానికి చేరిస్తే మిషను విడిపించేంత బాడిగ ఇస్తానన్నాడు. జయరత్నానికి ప్రాణం లేచొచ్చింది. దారి పొడుగునా పాటలు పాడుకుంటూ నడిపాడు.

కుప్పం ఇంకో రెండు మైళ్ళుందనగా ఇంజను ఫట్టుమంది. ముందంతా ఆవిరి కమ్ముకుంది. ఎంత తిప్పినా కారు మళ్ళీ కదల్లేదు. వాళ్ళు రోడ్డు మీద నిలబడి ఉండగానే రైలు కూత వినబడింది.

"నీ కారు తగలెయ్య! యాల తెస్తివప్పా ఈ పీనుగును?" అని తిట్టి, గంగప్ప పెట్టె చేతబట్టుకుని నడిచి వెళ్ళిపోయాడు. బాడిగ ఊసే లేదు.

ఎద్దులు కట్టి కారును స్టేషను దగ్గరి షెడ్డుకు లాగించాడు. మర్నాడు అక్కడి మేస్త్రీ నాగరాజు కిరసనాయిలు గుడ్డతో ఇంజను దిమ్మను రుద్దాడు. నల్లరంగు ఊడింది. కింద జానెడు ఇత్తడి అతుకు మెరిసింది.

"ఇది నేనేసిన అతుకే కదప్పా!" అన్నాడు నాగరాజు. "ఏడాది కిందట దొర రైలెక్కను వచ్చి ఈడనే నిలిచిపోయినాడు. దిమ్మ పగిలిపోయుండాది, దీనిమీద ఇంక దమ్మిడీ పెట్టొద్దు దొరా అని చెప్పినాను."

"దొర ఏమన్నాడు?"

"నవ్వినాడు. చర్చికి ఇచ్చేస్తాలే అన్నాడు."

తనను కౌగిలించుకున్న దొర చేతులు గుర్తొచ్చాయి జయరత్నానికి. కారును పాత ఇనుము కింద అక్కడే వదిలేసి, నాగరాజు ఇచ్చిన నాలుగు డబ్బులతో బస్సెక్కాడు. ఇల్లు చేరేసరికి గడువు దాటింది. మిషను ఎవరో కొనుక్కుపోయారు.

పుష్పమ్మ చేతిసూదితో కుట్టడం మొదలుపెట్టింది. మిషను మీద రోజుకు ఆరు రవికెలు కుట్టిన మనిషి, ఇప్పుడు ఒక్కటి ముగించడానికి పొద్దు గూకేది.

మళ్ళీ కోతపండుగ వచ్చింది. పాస్టరుగారు దొర రాసిన ఉత్తరం చదివారు. కారు పాట డబ్బుతో బడికి పెంకులు వేయించారని విని దొర చాలా సంతోషించాడట. ఆ కారు వల్ల సోదరుడు జయరత్నం ఎంతో దీవెన పొంది ఉంటాడని నమ్ముతున్నాడట.

"లేచి మీరు పొందిన దీవెన గురించి సాక్ష్యం చెప్పండి జయరత్నంగారూ," అన్నారు పాస్టరు.

అతను లేచాడు. ముందు వరుసలో కొత్త దొర తల ఊపుతూ నవ్వాడు. ఆడవాళ్ళ వైపు పుష్పమ్మ, సూది పోట్లు పడ్డ వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని, అతన్నే చూస్తోంది. ఇత్తడి అతుకు సంగతి చెప్పేద్దామనుకున్నాడు.

"దేవునికి స్తోత్రం," అని కూర్చున్నాడు.

పుష్పమ్మ మొహం తిప్పుకుంది. జయరత్నానికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

వేలం మొదలైంది. పాట పాడించే పెద్ద కృపాదానం ఒక గుమ్మడికాయ తెచ్చి జయరత్నం చేతుల్లో పెట్టాడు. "కారు పాడిన చెయ్యప్పా ఇది! మొదటి పాట నీదే!"

అందరూ నవ్వారు. జయరత్నం దాన్ని కళ్ళకద్దుకోలేదు. తలకిందులు చేశాడు. వేళ్ళతో తట్టి విన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

"ఏందప్పా అది? కానుకను అట్ల సూస్తారా?" అన్నాడు కృపాదానం.

జయరత్నం అడుగున బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగబడింది.

"కుళ్ళిపోయుండాది!" అని చర్చి అంతా వినబడేలా అరిచాడు.

వెనక వరుసలో ఎవరో ఏడ్చారు. తిరిగి చూశాడు. నిమ్మనపల్లె నుంచి ఆ కాయను నెత్తిన పెట్టుకుని నడిచొచ్చిన ముసలి దయామణి, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కుతోంది. ఆ ఏడు ఆమె పాదుకు కాసింది ఆ ఒక్క కాయే. దొర మాట వచ్చినప్పుడు పెగలని నోరు ఆ ముసలిదాని ముందు పెగిలింది.