సారమ్మకు కునుకు పడితే

సాంసన్ కారు స్టార్టు చేసి కూర్చున్నాడు. సారమ్మ ఇంకా చెప్పులు విడుస్తూనే ఉంది. షెడ్డు ముందు నూనె మరకల నేల మీద రెండూ జతగా పెట్టి, వేళ్ల వైపు రోడ్డుకు తిప్పి, అప్పుడు గానీ ఎక్కదు. ఎవరి కారైనా ఆమె పద్ధతి అదే.

"ఎక్కవే జల్ది. ఎండ ముదురుతంది."

"మంది బండి. మన దుమ్మెందుకయ్యా దాంట్ల?"

ఎదురుగా చాయ్ బండి దగ్గర నాగమణి నవ్వింది. "ఏంది వదినా, ఇయ్యాల ఏ కారుల షికారు?"

"తెల్ల కారుల. మునగాల దాక పోయొస్తం. నువ్వు గూడ రారాదు, పొయ్యి ఆర్పేసి."

కోదాడలో ఆ వీధి వీధంతా అదే అనుకుంటుంది. సాంసన్ మేస్త్రికి పెళ్లాం మీద ప్రేమ జాస్తి, టెస్టింగుకు తీసిన ప్రతి బండిలో ఆమెను తిప్పుతాడని. ప్రేమ మాట నిజమే, ఎవరు కాదన్నారు? కానీ అసలు సంగతి వేరు. సాంసన్‌కు చెవులు పోయాయి.

పూర్తిగా కాదు. లారీ హారన్ వినబడుతుంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అందుకుంటాడు. పోయినవి సన్నటి చప్పుళ్లు. వయసంతా సైలెన్సర్ల కింద, సుత్తి మోతల్లో గడిపిన మనిషి. ముందు దోమ పోయింది, తర్వాత కుక్కర్ విజిల్ పోయింది. పోతే పోనీ అనుకున్నాడు. ఒకనాడు ఎవరో బానెట్ ఎత్తి "గీ సప్పుడే అన్నా" అని చూపిస్తే, తల ఊపాడే గానీ ఒక్క ముక్క వినబడలేదు. ఇంటికొచ్చి అన్నం కంచం ముందు కూర్చుని ఏడ్చాడు. చెవిటి మేస్త్రి దగ్గరికి బండి ఎవడు తెస్తాడు? ఆ పని తప్ప అతనికి ఇంకేం వచ్చు?

"నీ చెవులు పోతే నావి లేవా?" అంది సారమ్మ. "దానికేనా గంత ఏడుపు? తిను."

అప్పటి నుంచి టెస్టింగులో ముందు సీటు ఆమెది. ఈ సంగతి మూడో మనిషికి తెలియదు.

ఇవాళ్టి కారు వెంకటనర్సయ్యది. కిరాయికి తిప్పుతాడు. "ఊళ్లె తిరిగితే మంచిగనే ఉంటదన్నా. హైవే ఎక్కి స్పీడందుకుంటె చాలు, ఒకటే ఏడుపు. టైర్లు గూడ మార్పిచ్చిన, తగ్గలె. రేపు పొద్దుగాల మిర్యాలగూడకు పెళ్లోళ్లను తీస్కపోవాలె" అని తల పట్టుకున్నాడు.

హైవే మీదికి రాగానే సారమ్మ తన చూపుడు వేలును, గేరు మీదున్న సాంసన్ ఎడమ మణికట్టు మీద పెట్టింది. చప్పుడొస్తే నొక్కుతుంది. ఎక్కువైతే గిల్లుతుంది. వేగం అరవై దాటింది. వేలు నొక్కింది.

"ఎట్లున్నది?"

ఆమె అతని వైపు తిరిగి, పెదాలు కనబడేలా చెప్పింది. "పాలు పొంగే ముందు గిన్నె సన్నగ కూస్తది సూడు, గట్ల."

సాంసన్ క్లచ్ తొక్కి గేరు తీసేశాడు. ఇంజను నెమ్మదించింది, కారు తన ఊపున తాను పోతోంది. వేలు లేవలేదు. అంటే ఇంజనుది కాదు, చక్రాలది. ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు స్టీరింగును కొద్దిగా కుడికి తిప్పాడు. బరువు ఎడమ చక్రాల మీద పడింది. గిల్లింది. ఎడమకు తిప్పితే వదిలింది. మళ్లీ కుడికి తిప్పాడు.

"అబ్బా! తోలు ఊడొస్తదే."

"సప్పుడు గంతున్నది మరి, నన్నేం జెయ్యమంటవ్?"

"ముందటనా, ఎనకనా?"

"ముందట్నే. గీడ, నా కాళ్ల కిందనే."

షెడ్డుకు తిరిగొచ్చి ఎడమ ముందు చక్రాన్ని జాకీ మీద లేపాడు. ఒక చేత్తో చక్రాన్ని తిప్పుతూ, రెండో అరచెయ్యి స్ప్రింగు మీద ఆనించాడు. అరచేతిలో సన్నగా గరగర. బేరింగు అరిగిపోయింది. చేతులకు ఇంకా చెవుడు రాలేదు, దేవుడి దయ.

కొత్త బేరింగు ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. సారమ్మ బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఎడమ భుజం రుద్దుకుంటోంది.

"ఏమైందే? దవాఖానకు పోదామా?"

"గ్యాసయ్యా, ఇంకేముంది? నువ్వు ముందు గా చక్రం బిగియ్యి." నాగమణి అల్లం చాయ్ తెస్తే సగం తాగి పక్కన పెట్టింది.

మళ్లీ చెప్పులు విడిచింది. మళ్లీ హైవే, మళ్లీ మణికట్టు మీద వేలు.

బండి బాగైందని సారమ్మ ఎప్పుడూ నోటితో చెప్పదు. చప్పుడు లేకపోతే ఆమెకు కునుకు పడుతుంది. సారమ్మకు కునుకు పడితే బండి పాసైనట్టే. ఇది మొగుడూ పెళ్లాల మధ్య వేళాకోళం.

అరవై దాటింది. ఎనభై అందుకుంది. వేలు నొక్కలేదు. కుడికి తిప్పి చూశాడు, గిల్లలేదు. పక్కకు చూస్తే తల అద్దానికి ఆనించి, కళ్లు మూసుకుని ఉంది. సాంసన్ మురిసిపోయాడు.

మునగాల దగ్గర వెనక్కి తిరగాలి. లేస్తుందేమోనని తిరగలేదు. వేగం తగ్గించి, గుంతలు తప్పిస్తూ, ఇంకాస్త దూరం పోనిచ్చాడు. మెలకువగా ఉంటే ఎగతాళి చేస్తుందని ఎన్నడూ అనని మాట, ధైర్యం చేసి అన్నాడు.

"నువ్వు లేకుంటె నేను ఎన్నడో షెడ్డు మూసుకునేటోణ్ణే, సారా. నువ్వంటె నాకు పానం."

చివరికి కారు వెనక్కి తిప్పుతుంటే ఆమె చెయ్యి మణికట్టు మీది నుంచి జారింది. తీసి మళ్లీ పెట్టుకున్నాడు. చల్లగా ఉంది.

కారు పక్కకు ఆపాడు. పిలిచాడు, కుదిపాడు. వంగి ఆమె గుండెకు చెవి ఆనించాడు. తర్వాత గుర్తొచ్చింది, అది తనకు వినబడే చప్పుడు కాదని. అప్పుడు చక్రానికి పెట్టినట్టే అరచెయ్యి పెట్టాడు. ఎన్నడూ అబద్ధం చెప్పని అరచెయ్యి. దానికేమీ తగల్లేదు.

కోదాడ దవాఖానలో డాక్టరు తల అడ్డంగా ఊపాడు. వెంకటనర్సయ్య పరుగెత్తుకొచ్చి కావలించుకున్నాడు. సాంసన్ అతని చేతిలో తాళం పెట్టాడు.

"జర బండి తోలి సూడు తమ్మీ. సప్పుడున్నదా లేదా?"

"గిప్పుడు గదేం ముచ్చటన్నా! బండి ఏడికి పోతది?"

"నాకు ఇనబడదు తమ్మీ. ఇన్నాళ్లూ విన్నది ఆమెనే. సప్పుడుండి, ఏలు నొక్కుదామనుకోని నొక్కలేకపోయిందా... జర సూడు, నీ కాళ్లు మొక్కుత."

వెంకటనర్సయ్య కళ్లు తుడుచుకుంటూ పోయాడు. హైవే దాకా పోయొచ్చి, సాంసన్ ఎదుట నిలబడి, పెదాలు కనబడేలా నెమ్మదిగా చెప్పాడు.

"లేదన్నా. అస్సలే లేదు. సల్లగ పోతంది."

అప్పుడు ఏడ్చాడు సాంసన్. ఆమె నొక్కడానికేమీ లేకపోయింది. అంతా బాగైందని, ఎప్పటిలాగే కునుకు తీసింది.

సాయంత్రం చాయ్ బండి కట్టేసి ఇటు వచ్చిన నాగమణి, ఎవరైనా తొక్కుతారని, వంగి తీయబోయి ఆగిపోయింది. షెడ్డు ముందు, నూనె మరకల పక్కన, సారమ్మ చెప్పులు జతగా రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి.