ఫైర్ స్టేషన్ గోడలోని నల్లరాయి

తెనాలిలోని పాత ఫైర్ స్టేషన్ వేలంలో అమ్ముడుపోయింది. కొన్న పూర్ణచంద్రరావు బయటి గోడలు అలాగే ఉంచి, లోపల పన్నెండు ఫ్లాట్లు కట్టిస్తున్నాడు. అక్కడ ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరైన అంద్రెయ, హాలు గోడలోని నల్లరాయి తనకిమ్మని ఆయన్ని అడిగాడు. మంటల్లో చనిపోయిన నలుగురు ఉద్యోగుల పేర్లు దాని మీద చెక్కి ఉన్నాయి. చివరి పేరు రాఘవయ్యది. దుగ్గిరాలలో పసుపు గోడౌన్ కప్పు కూలినప్పుడు అతన్ని బయటికి మోసుకొచ్చింది అంద్రెయే. శుక్రవారం వచ్చి పట్టుకెళ్లమన్నాడు పూర్ణచంద్రరావు. ఆ సంగతి మేస్త్రీకి చెప్పడం మరిచిపోయాడు.

శుక్రవారం పొద్దున అంద్రెయ చుండూరు నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చేసరికి, నౌషాద్ అనే కూలీ సమ్మెటతో ఆ రాయిని పగలగొడుతున్నాడు. రాఘవయ్య పేరు రెండు ముక్కలై మట్టిలో పడి ఉంది.

అంద్రెయ అరవలేదు. పక్కనున్న గడ్డపార తీసుకుని నౌషాద్ చేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు హాలంతా వినిపించింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. నౌషాద్ కూలిపోయాక కూడా గడ్డపార మళ్లీ పైకి లేచింది. అంతలో మిగతా కూలీలు మీద పడ్డారు. ముసలాయన్ని ఇటుకల మీదికి తోసి తన్నారు. ఒకడు పార తిరగేసి మూతి మీద కొట్టాడు. పళ్లు ఊడాయి, పక్కటెముకలు విరిగాయి. గొంతులోకి నెత్తురు దిగి ఊపిరాడలేదు. మేస్త్రీ జనార్దన్ అడ్డం పడకపోతే ప్రాణం పోయేదే.

నౌషాద్ తల్లి సుల్తాన్ బీ చెరుకుపల్లి నుంచి వచ్చి, ఆసుపత్రిలో అంద్రెయ మంచం పక్కన నిలబడింది.

“మావాడికి చదువు రాదు అన్నయ్యా. మేస్త్రీ పగలగొట్టమన్నాడు, కొట్టాడు. అదేం రాయో ఒక్క మాట చెప్తే ఆగేవాడు కదండీ.”

అంద్రెయ అటు తిరిగి పడుకుందామన్నా పక్కటెముకలు కదలనివ్వలేదు.

సాయంత్రం పూర్ణచంద్రరావు వచ్చి, కేసైతే ఫ్లాట్లు ఎవరూ కొనరని, ఇద్దరూ మెట్ల మీంచి పడ్డామని చెప్పమని బతిమాలాడు. అంద్రెయ ఒప్పుకోలేదు. ఆ తర్వాత వచ్చిన ఎస్సై అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు.

“ముందు కొట్టింది నేనేనండి. వాళ్లు ఆపకపోతే చంపేసేవాణ్ణి.”

తనను కొట్టినవాళ్లెవరో మాత్రం చూడలేదన్నాడు.

ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాయి. నౌషాద్ చెయ్యి అతుక్కుంది గాని పిడికిలి బిగియడం లేదు. వాయిదాలకు వచ్చినప్పుడల్లా అంద్రెయ కోర్టు వరండాలో అతని వైపు రెండడుగులు వేసేవాడు. నౌషాద్ లేచి దూరంగా వెళ్లి కూర్చునేవాడు.