రిన్ అంగీ మడత

ఐదుగురు కుర్ర వీరుల్లో నలుగురికి అంగీ మడత సరిగ్గానే ఉంది. ఐదోవాడు రిన్‌కు మాత్రం తిరగబడింది. ఏదో ఒక బొమ్మలో అయితే సరే అనుకోవచ్చు. ‘అలల దళం’ అనే ఈ కొత్త కామిక్ మొదలైన పదకొండు వారాలుగా ప్రతి బొమ్మలోనూ అదే వరస! వాళ్ల ఆచారంలో బతికున్న మనిషికి ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి మడిచేది శవానికే. బడికి వెళ్లని పిల్లలకు కూడా తెలిసిన సంగతి, బొమ్మలు గీసి బతికే కెయిగోకు తెలియకపోవడమేమిటి?

"గురువుగారూ, మొన్నా చెప్పాను, నిన్నా చెప్పాను. మళ్లీ అలాగే గీస్తారు. నా మీదేమైనా కక్షా?" అంది మినోరి, తెల్లరంగు కుంచె ఊపుతూ. అతని దగ్గర పనిచేస్తుంది గానీ అతనికంటే పదేళ్లు పెద్దది, నోరూ ఆ మేరకే పెద్దది.

"చూసుకోలేదు" అన్నాడు కెయిగో. అబద్ధమేమీ కాదు. చెయ్యి దానంతటదే అలా వెళ్లిపోతోంది. ఆ మాట బయటికంటే పిచ్చెక్కిందనుకుంటారని ఊరుకున్నాడు.

పాఠకులు ఊరుకుంటారా? రిన్ చచ్చిపోయినవాడేనా అంటూ పత్రికకు కార్డులు కట్టలు కట్టలుగా వచ్చిపడ్డాయి. సంపాదకుడు ఒనుకి ఉబ్బితబ్బిబ్బైపోయి ఫోన్ చేశాడు. "భలే ఎత్తు వేశారండీ! బోన్ పండగ సంచికలో బయటపెట్టేద్దాం. పోయినవాళ్లు ఇంటికొచ్చే రోజులు, సరిగ్గా కుదురుతుంది."

"వద్దు. వాణ్ని చంపను."

"మీరిప్పుడు చంపేదేముంది? ఎప్పుడో చంపేశారుగా!" అని నవ్వి పెట్టేశాడు.

పండగకు అచ్చుయంత్రాలు ఆగిపోతాయి కనుక రేపటికల్లా పేజీలు ఇచ్చెయ్యాలి. కెయిగో, మినోరి కూర్చుని రిన్ మెడ దగ్గరి గీతలన్నీ బతికున్నవాడికి ఉన్నట్టు దిద్దారు. చివరి పేజీలో పెద్ద బొమ్మ ఒక్కటే మిగిలింది. మెట్ల కింద నిలబడి చెయ్యెత్తిన రిన్. పాత గీత చెరిపేశాడు గానీ, కొత్తది గీద్దామంటే చెయ్యి కదల్లేదు.

మిట్టమధ్యాహ్నం, చిమ్మెటలు చెవులు చిల్లులు పడేలా అరుస్తుండగా గంట మోగింది. తలుపు తీస్తే ఫుసాయె. తెప్పెయ్ తల్లి.

తెప్పెయ్ అతని చిన్ననాటి స్నేహితుడు. ఉత్తరాది తీరంలో ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే తరగతి. పద్నాలుగేళ్ల కిందట, ఇద్దరికీ పద్నాలుగేళ్లప్పుడు, సముద్రం ఊరి మీద పడింది. ఆ రోజు నుంచి తెప్పెయ్ లేడు. శవం దొరకలేదు. రిన్ చీలిన కనుబొమ్మ తెప్పెయ్‌దే. బూట్ల మడమలు తొక్కుకుంటూ నడవడం తెప్పెయ్‌దే. ఎంత దూరం నుంచైనా వేళకు చేరుకోవడమనే శక్తి ఒక్కటే కెయిగో కల్పించి ఇచ్చింది.

ఫుసాయె బార్లీ టీ ముట్టుకోలేదు. సంచిలోంచి పదకొండు సంచికలు తీసి ముందు పెట్టింది.

"ప్రతి సోమవారం కొని వాడి బల్ల మీద పెడుతున్నా. వాడు చూశాకే నేను చూస్తా. అచ్చం వాడేరా. ఇక్కడ కూడా బూట్లు తొక్కి పాడుచేస్తున్నాడు, వెధవ." నవ్వింది. ఆ నవ్వు నిలవలేదు. "మరి ఈ మడతేమిట్రా?"

"పొరపాటు పిన్నీ. దిద్దేస్తున్నాం."

"పదకొండు వారాలూ పొరపాటేనా? పద్నాలుగేళ్లుగా నేను తలుపు గడియ వెయ్యలేదు. వస్తాడని. సమాధి కట్టిద్దామన్నందుకు మా ఆయనతో మాట్లాడ్డం మానేశా. వాడు పోయాడని ఆ సముద్రమే నాకు చెప్పలేదు. నువ్వెవడివిరా చెప్పడానికి?"

మినోరి చప్పుడు చెయ్యకుండా వంటగదిలోకి తప్పుకుంది.

తల వంచి క్షమించమంటే చాలు, పెద్దావిడ వెళ్లిపోతుంది. వెళ్లి, చచ్చేదాకా ఆ తలుపు అలాగే ఉంచుకుంటుంది. ఇన్నేళ్లూ ఆమెకు తాను చేసింది అదేనని కెయిగోకు తెలుసు. చెయ్యి చెబుతున్న నిజాన్ని నోరు ఎన్నాళ్లు దాస్తుంది?

"నేను చూశాను పిన్నీ."

ఆమె అతని వైపు తిరిగింది.

"భూమి కంపించగానే అందరం గుట్ట మీది గుడి మెట్లెక్కేశాం. నా బొమ్మల పుస్తకం బళ్లో ఉండిపోయిందని ఏడ్చాను. 'ఏడవకురా, చిటికెలో తెస్తా' అని వాడు దిగాడు. తెచ్చాడు కూడా. మెట్ల కిందికొచ్చి, చెయ్యెత్తి చూపించాడు. అప్పుడే నీళ్లొచ్చేశాయి. నా కళ్లముందే వాణ్ని తీసుకుపోయాయి. మళ్లీ తేలలేదు. అందరూ అడిగితే చూడలేదన్నాను. ఈ ఐదుగురూ ఆ పుస్తకంలోవాళ్లే. ఇద్దరం కలిసి గీసినవాళ్లే."

చెంప ఛెళ్లుమంది. రెండో దెబ్బకు లేచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "పుస్తకానికా! ముష్టి పుస్తకానికా నా బిడ్డ పోయింది!" అంటూ చాప మీద కూలబడి ఏడ్చింది. పద్నాలుగేళ్లు ఆపుకున్న ఏడుపు అది, ఒక పట్టాన ఆగలేదు. కెయిగో కూడా ఏడ్చాడు.

తెరిపిన పడ్డాక ఆమె చూపు బల్ల మీది పేజీ మీద పడింది. మెట్లు, ఎత్తిన చెయ్యి, మెడ దగ్గర ఖాళీ.

"ఇక్కడ గియ్యలేదేం?"

"చెయ్యి రాలేదు పిన్నీ."

"రాదు. అది నీ పని కాదు. వాడి ఒంటికి తెల్లబట్ట చుట్టి ఆ మడత వెయ్యాల్సింది నేను. నాకు ఆ ఒక్క పనీ దక్కలేదు. కలం ఇలా తే."

కెయిగో కలం అందించాడు. ఫుసాయె కళ్లు తుడుచుకుని కాగితం మీదికి వంగింది. ఎడమ అంచు లోపలికి, కుడి అంచు పైకి గీసింది. గీత వంకర పోయింది, చివర సిరా బొట్టు నిలిచింది. నిద్రపోతున్న పిల్లాడి మొహం మీద ఊదినట్టు మెల్లగా ఊదింది.

"ఆరేదాకా ముట్టుకోకు. నిన్ను క్షమించాననుకోకు."

"అనుకోను పిన్నీ."

గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, అతని వైపు చూడకుండానే అంది: "ఇవాళ ఇంటికెళ్లి గడియ వేసుకుంటా."

ఆమె మెట్లు దిగిన చప్పుడు వినబడకుండా పోయాక కెయిగో తలుపు మూసి, గడియ మీద చెయ్యి వేశాడు. పోయినవాళ్లు ఇంటికొచ్చే రోజులు. ఎంతసేపు నిలబడ్డా ఆ చెయ్యి దాన్ని తిప్పలేదు.