గొడుగుకి నాలుగే రంధ్రాలు

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి డిష్ కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చి తలుపు కొట్టింది. భుజానికి నల్ల వైరు చుట్ట, నడుముకి స్పానర్ల బెల్టు, చేతిలో పెద్ద సంచి. సంచిలో నాలుగు బాక్సులున్నాయి. రెండు మామూలువి, రెండు రికార్డర్లు.

"కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో ఆవిడ కావాలి" అంది.

ఇంట్లో నలుగురున్నారు. నలుగురూ నాలుగు దిక్కులు చూశారు. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ ఐదో మనిషి వచ్చింది. కనెక్షన్ ఆమెది.

వీధి మొత్తానికి ఆమె ఇస్త్రీ పిన్ని. వీధి చివర లాండ్రీలో ఇరవై రెండేళ్లుగా నిలబడి ఇస్త్రీ చేస్తోంది. ఎడమ భుజం కంటే కుడి భుజం దిట్టంగా ఉంటుంది, జాకెట్టు కుట్టేవాళ్లు రెండు చేతులకీ రెండు కొలతలు తీసుకుంటారు. తొమ్మిదేళ్ల కిందట ఈ ఇంటికి డిష్ బిగించిన రోజు ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది, గుర్తింపు కార్డు చేతికందేచోట ఉంది, సంతకం పెట్టింది. అంతే. ఆ తర్వాత రిమోట్ ఆమె చేతిలోకి వచ్చింది దుమ్ము దులిపేటప్పుడే.

రిమోట్ ఆమె భర్తది. ఫ్యాక్టరీ గేటు దగ్గర పద్దెనిమిదేళ్లు కాపలా కాసినందుకు ఆయన్ని అందరూ గేటాయన అంటారు. ఉద్యోగం పోయింది గాని కాపలా పోలేదు. రిమోట్ ఎప్పుడూ చొక్కా జేబులో ఉంటుంది. స్నానానికి వెళ్తే తువ్వాల్లో చుట్టుకుని వెళ్తాడు. ఆయన చూసేది వార్తలు. చూడ్డంతో సరిపెట్టడు, రికార్డు కూడా చేస్తాడు. నిన్నటి వార్తలు ఇవాళ మళ్లీ వేసుకుని, నిన్న ఎవరెవరు అబద్ధాలు చెప్పారో ఇవాళ పట్టుకుంటాడు. ఆ దెబ్బకి హాల్లో ఉన్న ఒక్క రికార్డరూ గొంతుదాకా నిండిపోయింది.

ఈ ఇంట్లో చెడ్డవాళ్లెవరూ లేరు. ఉంటే కథ సులువుగా ఉండేది, చెడ్డవాళ్ల మీద తిరగబడొచ్చు. మంచివాళ్లతోనే చావు. నెత్తిమీద కూర్చుని, కూర్చున్నామన్న సంగతి తెలియకుండా, కాళ్లు కూడా ఊపుతుంటారు.

ఆ రోజు నాలుగింటికి పిన్నికి టీవీ కావాలి. ఆడవాళ్లు బరువులెత్తే పోటీ వస్తుంది. లాండ్రీలో బట్టల అర మీద ఒక బుల్లి టీవీ ఉంది, ఓనరుకి ఆటల పిచ్చి. ఆమె ఆ పోటీ మొట్టమొదట చూసిన రోజు ఇస్త్రీపెట్టె కింద ఒక చొక్కా కాలరు మాడిపోయింది. ఇన్నేళ్లలో ఆమె కాల్చింది ఆ ఒక్క కాలరే. అప్పటినుంచి ఒక మనిషిని విడవకుండా చూస్తోంది. కామెంట్రీవాళ్లు ఆవిణ్ణి పెద్దక్క అంటారు. ఇద్దరు పిల్లల తల్లి, నలభైకి దగ్గర పడింది, రెండు మోకాళ్లకీ పట్టీలు. ఇవాళ పెద్దక్క ఆఖరి పోటీ. ఆదివారం కాబట్టి లాండ్రీకి తాళం.

అడగకుండా ఏమీ ఊరుకోలేదు. శుక్రవారం కూతురు చిట్టిని అడిగింది, నాలుగింటిది ఒకటి రికార్డు పెట్టవే అని. మెమరీ ఫుల్ అమ్మా, నాన్న వార్తలు తీస్తే ఊరుకోడు అంది చిట్టి, ఫోన్లోంచి తలెత్తకుండా. శనివారం భర్తని అడిగింది. వంటల కార్యక్రమం పొద్దున్నే వస్తుంది కదే అన్నాడాయన. వంటలని ఆమె అనలేదు. ఆయనే అనుకున్నాడు, ఆయనే జవాబు చెప్పాడు, విషయం అక్కడితో మూతపడింది.

ఇప్పుడు డిష్ అమ్మాయి సోఫా అంచున కూర్చుని ఫోన్ తెరిచింది. ఈ కనెక్షన్ మీద వారంలో నాలుగు ఆర్డర్లు వచ్చాయట. అదనపు బాక్సులు కావాలని నలుగురు వేర్వేరు రోజుల్లో ఫోన్ చేశారట. ఇద్దరు ఇస్త్రీ పిన్ని తరఫున చేస్తున్నామన్నారట, మిగతా ఇద్దరైతే తామే పిన్ని అన్నారట.

"ఒకావిడ మధ్యలో రెండుసార్లు దగ్గారు కూడా" అంది డిష్ అమ్మాయి.

పిన్ని చిట్టి వైపు తిరిగింది. "నేనెప్పుడు దగ్గానే?"

"ముసలి గొంతు కదా అని..." అని చిట్టి గోడ వైపు తిరిగిపోయింది.

ఒక్కొక్కటే బయటపడింది. గేటాయన ఇంకో రికార్డరు చెప్పాడు, మొదటిది నిండిపోయింది కాబట్టి. చిట్టి తన గదిలో పాత టీవీకి ఒక బాక్సు చెప్పింది, డాన్సు పోటీల కోసం. బస్సు నడిపే కొడుకు తన పడగ్గదికి ఒక బాక్సు చెప్పాడు, ఫుట్‌బాల్ కోసం. మందుల షాపులో పనిచేసే కోడలు తను డ్యూటీలో ఉండగా వచ్చే హత్యల సీరియల్ కోసం ఒక రికార్డరు చెప్పింది. అదీ పడగ్గదికే. ఒకే గది, ఒకే మంచం, ఒకే టీవీ. మొగుడూ పెళ్లాలు ఒకరికి తెలియకుండా ఒకరు దానికి రెండు బాక్సులు తెప్పించారు. కొడుకు పెళ్లాం వైపు చూశాడు, ఆవిడ ఫ్యాను వైపు చూసింది.

"అయితే నాలుగూ ఆగిపోయాయి" అంది డిష్ అమ్మాయి. "రహస్య ప్రశ్నకి ఎవ్వరూ సరిగ్గా చెప్పలేదు. అందుకే ఇంటికెళ్లి ఆవిడ నోటితోనే చెప్పించుకోమన్నారు."

ప్రశ్న ఏమిటని గేటాయన అడిగాడు. ఆయనకి గుర్తుంది, అయినా అడిగాడు. కనెక్షన్ తీసుకున్నావిడకి అన్నిటికంటే ఇష్టమైన కార్యక్రమం ఏది, అదీ ప్రశ్న. తొమ్మిదేళ్ల కిందట సంతకంతోపాటు పిన్ని జవాబు కూడా చెప్పి రాయించింది.

డిష్ అమ్మాయి నలుగురి జవాబులూ నిర్దాక్షిణ్యంగా చదువుకుంటూ పోయింది. కొడుకు వంటలన్నాడు. కోడలు భక్తి ప్రవచనాలంది. దగ్గిన గొంతు పాత పాటలంది. గేటాయన వార్తలన్నాడు. ఎలా తెలుసని ఆఫీసువాళ్లు అడిగితే, నేను చూసేదే ఆవిడా చూస్తుందన్నాడట.

"మీరు చెప్పండమ్మా" అంది.

పిన్ని చీర కొంగు సర్దుకుంది. "బరువులెత్తే పోటీలు" అంది. "ఆడవాళ్లవి" అని చేర్చింది.

డిష్ అమ్మాయి ఫోన్ మీద వేలితో కొట్టింది. సరిపోయింది. కొడుకు నవ్వబోయి, తల్లి ముఖం చూసి మానుకున్నాడు. గేటాయన చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈవిడ చేతి అన్నం తింటున్నాడు. ఆ ప్రశ్నకి జవాబు తనకి తెలుసనే అనుకున్నాడు, అనుమానం కూడా రాలేదు.

అసలు తిరకాసు అప్పుడు మొదలైంది. డాబా మీది డిష్ గొడుగుకి మధ్యలో ఒక తల ఉంటుంది, ఆ తలకి నాలుగే రంధ్రాలు. ఒక్కో రంధ్రానికి ఒక్కో వైరు. మామూలు బాక్సుకి ఒక వైరు చాలు. రికార్డరుకి రెండు కావాలి, ఒకటి చూడ్డానికి, ఇంకోటి అదే సమయంలో వేరేది రికార్డు చెయ్యడానికి. హాల్లోది ఇప్పటికే రెండు తినేస్తోంది. మిగిలినవి రెండు. వీళ్లడిగినవాటికి ఆరు కావాలి. ఎనిమిది రంధ్రాల తల రావాలంటే మూడు వారాలు.

నలుగురూ ఒక్కసారిగా అందుకున్నారు. నేను ముందు చెప్పానంటే నేను ముందు చెప్పానని. డిష్ అమ్మాయి వినలేదు. పిన్ని వైపు చూసి, "ఏ గదికి ఏది పెట్టమంటారో మీరు చెప్తేనే నేను వైరు ముట్టుకుంటాను" అంది.

ఆ ఇంట్లో ఆమెని ఏదైనా తేల్చమని అడగడం అదే మొదలు. ఆమె తడుముకోలేదు. లాండ్రీలో పండగ లేకపోయినా రోజుకి రెండొందల బట్టలు వరస తప్పకుండా తేల్చే మనిషి.

"చిట్టి గదికి ఒకటి. కొడుకూ కోడలి గదికి ఒకటి, వాళ్లిద్దరూ కొట్టుకుని చూసుకుంటారు. రెండో రికార్డరు వద్దు. ఉన్నదాంట్లో వార్తలు సగం తీసెయ్. ఇవాళ నాలుగింటికి హాలు నాది."

గేటాయన గోడ గడియారం వైపు చూశాడు. నాలుగింటికి ఆయనకి చర్చా కార్యక్రమం ఉంది.

మూడింటికి డిష్ అమ్మాయి డాబా ఎక్కింది. వైర్లు లాగి చూస్తే కొత్త బాక్సులకి సిగ్నల్ చాలడం లేదు, గొడుగు ఒక పక్కకి వాలిపోయి ఉంది. సరిచేద్దామని స్పానర్ వేసి తిప్పింది. తొమ్మిదేళ్ల తుప్పు. బోల్టు పుటుక్కున విరిగింది. గొడుగు కిందికి వేలాడింది. కింద హాల్లో టీవీ నీలంగా అయిపోయింది.

అప్పుడు టైము మూడున్నర.

అంత లావు బోల్టు సంచిలో లేదు, ఆఫీసుకి వెళ్లి తేవాలి. బండి మీద పోయి రావడానికి గంట పైనే. పిన్ని మెట్ల మీదే కూర్చుండిపోయింది. పోన్లే అంది. ఆమె నోట్లోంచి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఇంట్లోవాళ్లకి అది ఎన్నిసార్లు విన్నామో అప్పుడు గుర్తొచ్చింది.

"ఎవరైనా కదలకుండా పట్టుకుంటే బొమ్మ వస్తుంది" అంది డిష్ అమ్మాయి. "వెంట్రుకవాసి కదిలినా పోతుంది. గంటసేపు చేతులు పైకెత్తి ఎవరుంటారు?"

గేటాయన అప్పటికే మెట్లెక్కుతున్నాడు. నాన్నా, మీ చర్చ ఉంది కదా అని కొడుకు అడ్డం వెళ్లాడు. రేపెవరైనా చెప్తార్లే వాళ్లేం అబద్ధాలాడారో అన్నాడాయన. సగం మెట్ల మీద ఆగి, జేబులోంచి రిమోట్ తీసి భార్య ఒళ్లో పడేశాడు. అదింకా వెచ్చగానే ఉంది.

తర్వాత ఇరవై నిమిషాలు ఆ ఇల్లు ఒక ఫ్యాక్టరీలా నడిచింది. డాబా మీద గేటాయన రెండు చేతులా గొడుగుని ఎత్తిపట్టి నిలబడ్డాడు. డిష్ అమ్మాయి ఆయన మోచేతులు పట్టుకుని కుడికీ ఎడమకీ జరిపింది. మెట్ల మీద కొడుకు, కిటికీ దగ్గర కోడలు, టీవీ ముందు చిట్టి. వచ్చిందా అని పైనుంచి కిందికి, రాలేదు అని కిందనుంచి పైకి. కొంచెం వచ్చింది, పోయింది, మళ్లీ తిప్పండి, అది కాదు ఇందాకటిది. మూడూ యాభై ఐదుకి బొమ్మ నిలిచింది. అలాగే ఉండండి బాబాయిగారూ అని డిష్ అమ్మాయి బండి తీసుకుని పోయింది.

పిన్ని సోఫా మధ్యలో కూర్చుంది. ఎప్పుడూ అంచున కూర్చునే మనిషి. గదుల్లో కొత్త బాక్సులు ఎర్ర లైట్లు వేసుకుని పడున్నాయి, వాటి మొహం చూసినవాడు లేడు. అందరూ హాల్లోనే చేరారు.

పెద్దక్క మొదటిసారి ఎత్తబోతే కడ్డీ మోకాళ్ల దగ్గరే జారిపోయింది. ఆవిడకేమైంది అని కోడలు అడిగింది. నడుము ముందే లేపేసింది, కాళ్లతో లేవాలి అని పిన్ని చెప్పింది. రెండోసారి బరువు తలపైదాకా వెళ్లింది గాని మోచెయ్యి వణికింది, లెక్కలోకి రాదన్నారు. కొడుకు ఫుట్‌బాల్ సంగతే మరిచిపోయి, గోళ్లు కొరుకుతూ, ఇంకెన్ని ఛాన్సులున్నాయమ్మా అన్నాడు.

"ఒక్కటే."

పెద్దక్క చేతులకి సుద్దపొడి రాసుకుని ముందుకొచ్చింది. వంగింది. కడ్డీ పట్టుకుంది. సరిగ్గా అప్పుడే బొమ్మ చదరాలు చదరాలుగా పగిలిపోయింది.

పిన్ని ఒక్క అంగలో కిటికీ దగ్గరుంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆమె భర్త మీద గొంతెత్తింది లేదు.

"కదలకండి" అని కేకేసింది. వీధిలో కుక్క కూడా ఆగిపోయింది.

పైన గేటాయనకి మెడ మీద చీమ పాకుతోంది. పాకనిచ్చాడు. ఊపిరి బిగబట్టాడు. కింద బొమ్మ అతుక్కుంది. పెద్దక్క కడ్డీని భుజాల మీదికి లాగి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, తలపైకి తోసింది. మోకాళ్లు వణికాయి. మోచేతులు వణకలేదు. ఒకటి, రెండు, మూడు. ముగ్గురు జడ్జీలూ సరేనన్నట్టు మూడు తెల్ల లైట్లు వెలిగాయి. చిట్టి ఎగిరి వదిన మీద పడింది. కొడుకు సోఫా దిండుని తలపైకెత్తి పట్టుకున్నాడు, ఎందుకో వాడికే తెలియదు. పిన్ని కుడి భుజాన్ని ఎడమ చేత్తో ఒకసారి గట్టిగా నొక్కుకుంది.

డాబా మీదనుంచి గొంతు వినిపించింది. వచ్చిందా అని కాదు.

"ఏమే, ఎత్తిందా?"

పిన్ని వాకిట్లోకి వచ్చి తలెత్తి చూసింది. ఎండలో గేటాయన రెండు చేతులూ పైకెత్తి, కాళ్లు ఎడంగా పెట్టి, తన ఒంట్లోని బలమంతా ఆ గొడుగు కింద పెట్టి నిలబడి ఉన్నాడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మోచేతులు మాత్రం వణకడం లేదు.

"ఎత్తింది" అంది పిన్ని. "మీరు మాత్రం దించకండి. ఇంకా పతకం ఇవ్వలేదు."