కెతూరా వచ్చిన గురువారం

కంచరపాలెం రైల్వే గేటు పక్క సందులో, గురువారం సాయంత్రం ఐదింటికల్లా సూర్యకాంతమ్మ గారి వసారాలో చాపలు పరిచేవారు. డెబ్భై ఎనిమిదో సంవత్సరం మాట. ఆమె రిటైరైన టీచరు, చర్చి సంఘంలో వేదపాఠం చెప్పే మనిషి. బైబిల్లో మొదటి పుస్తకాన్ని ఏడాదికోసారి వరసగా చదివి అర్థం చెప్పేది. ఎవరి కథ చదివితే వాళ్లు, ఆ కథలోని మనుషులే, వచ్చి కూర్చునేవారు. జలప్రళయానికి ఓడ కట్టిన నోవహు వచ్చిన రోజు రేకుల కప్పుకేసి అనుమానంగా చూస్తూ కూర్చున్నాడు. మొదటి ఆడమనిషి హవ్వమ్మ వస్తే ఆడవాళ్లు జరిగి చాప మీద చోటిచ్చేవారు. వాళ్లకి తెలుగు రాదు గనక మాట్లాడేవారు కాదు, టీ తాగి వెళ్లిపోయేవారు. ఆ రోజు సూర్యకాంతమ్మ పాలు కాసిని ఎక్కువే పోయించుకునేది.

కిటికీ పక్కన ఏలియాసు కూర్చునేవాడు. కొచ్చిన్ యూదుడు, పోర్టు దగ్గర ఓడల ఏజెంటు ఆఫీసులో టైపిస్టు. ఆ పుస్తకం యూదులదీ కనక దాన్ని ఎవరు ఏ భాషలో చదివినా వినాలని ఆశపడేవాడు. సృష్టిలో సూర్యుడు నాలుగో రోజు పుడితే మొదటి రోజు వెలుగెక్కడిదని ఓసారి మాటొచ్చింది. ఆ వెలుగు క్రీస్తేనంది సూర్యకాంతమ్మ. దేవుడు దాన్ని మంచివాళ్ల కోసం దాచిపెట్టాడని మా పెద్దలంటారు, అన్నాడు ఏలియాసు. ఒక్క వాక్యంలోంచి ఇన్నిన్ని తోడుకున్న ఆ పాతకాలపు బుర్రల్ని తలుచుకుని ఆమె ఆ వారమంతా మురిసిపోయింది. ఇంత చదువున్న మనిషి కూడా ఒకచోట తప్పు చేసింది.

పైడయ్య పోర్టులో ఓడ సరుకులెత్తే వించి డ్రైవరు. అతనికి ఇద్దరు భార్యలు, చిట్టమ్మ, నూకాలు. చిట్టమ్మ కొడుకు సూరన్నని ఎత్తుకు పెంచింది నూకాలే. పదిహేనేళ్ల కిందట పైడయ్య బాప్తిస్మం అడిగితే, ఒక్క భార్యే ఉండాలన్నారు పెద్దలు. అబ్రాహాము భార్య శారా; ఆమె మాట మీద అతను ఎడారిలోకి వెళ్లగొట్టిన రెండో భార్య, దాసి హాగరు. హాగరంటే పాత దాస్యం, శారా అంటే స్వేచ్ఛ, దాసిని వెళ్లగొట్టమన్నారు కదా అని బైబిల్లో పౌలు గారి వివరణ చదివి వినిపించింది సూర్యకాంతమ్మే. వ్యాఖ్యానం బాగానే ఉంది, ట్రంకు పెట్టె పట్టుకుని బస్సెక్కింది మాత్రం నూకాలు. భీమిలిలో ఎండుచేపలు అమ్ముకుంటూ అక్కడి చర్చికే వెళుతోందని అప్పుడప్పుడు కబురొచ్చేది.

ఇప్పుడు చిట్టమ్మ పోయి ఏడాదైంది. పైడయ్య కంచం ముందు కూర్చుంటాడు, తినడు. సూరన్న సూర్యకాంతమ్మ దగ్గరికొచ్చాడు.

"అమ్మగారూ, పిన్నిని తెచ్చుకుంతాం. మీరు ఊఁ అంటే సంఘం ఊఁ అంటది."

"వెళ్లగొట్టిన మనిషిని మళ్లీ తెచ్చుకున్నట్టు ఎక్కడా రాసి లేదు నాయనా. లేనిది నేనెలా చెప్పను?"

"అయ్య సచ్చిపోతాడండీ."



ఆ నెల్లోనే హాగరు వంతు వచ్చింది. ఎడమ కనుబొమ మీద గాటున్న నల్లటి మనిషి, వస్తూనే ఏడు గ్లాసుల నీళ్లు తాగింది. తర్వాతి వారాల్లో శారా చావు, ఆమె కొడుకు ఇస్సాకు పెళ్లి అయిపోయాయి. ఆ పైన ఒక అధ్యాయం మొదట్లో అన్నీ పేర్లే. సూర్యకాంతమ్మ ఏటా దాన్ని దాటేసేది. ఈసారీ పేజీ తిప్పబోతుంటే ఏలియాసు చెయ్యెత్తాడు.

"అది చదవండి అమ్మగారూ. మావాళ్లు పేర్లు కూడా వదలరు."

చదివింది. శారా పోయాక అబ్రాహాము మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఆమె పేరు కెతూరా. ఈ కొత్త పెళ్లికూతురు ఎలా ఉంటుందోనని ఆడవాళ్లంతా గుమ్మంకేసి తిరిగారు. పసుపు బట్ట కట్టుకుని ఒక మనిషి లోపలికొచ్చింది. ఎడమ కనుబొమ మీద హాగరుకున్న గాటే. ఈసారి నీళ్లిస్తే వద్దంది, టీ తీసుకుంది.

"ఏటిది, ఈవిడ ఆవిడేనేటి?" అంది ఆడవాళ్లలో జోగమ్మ, చాప మీద జరుగుతూ.

"మా పెద్దల్లో కొందరు అదే చెప్పారు," అన్నాడు ఏలియాసు. "వేరే మనిషన్నవాళ్లూ ఉన్నారు. హాగరే అన్నవాళ్లు ఇంకో మాట కూడా అన్నారు. ఆమెని తీసుకురావడానికి అబ్రాహాము వెళ్లలేదట. ఇస్సాకు వెళ్లాడట. తనకి పెళ్లవుతోంది, నాన్న ఒంటరిగా ఉన్నాడని, ఆమె ఉండే బావి దగ్గరికి తనే వెళ్లాడట."

సూర్యకాంతమ్మ కళ్లద్దాలు తీసింది. "ఇన్నేళ్లు చదివాను. ఈ ఒక్క పేజీ దాటేశాను," అని అందరి ముందూ ఏడ్చేసింది. వెనక కూర్చుని వింటున్న సూరన్న అప్పటికే లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

మర్నాడు పొద్దున్న భీమిలి ఒడ్డున నూకాలు ఎండబెట్టిన చేపలు తిరగేస్తోంది.

"మీ అయ్య రానేదేటి?"

"సిగ్గుపడతన్నాడు పిన్నీ. నాను వచ్చాను."

"నన్ను బస్సెక్కించిన నాడు పడాల్సింది ఆ సిగ్గు." ఆమె చేతులు ఆగలేదు. "సాటుగా రాను. సర్చిలో పెళ్లి సేసుకుంటేనే వత్తాను. నన్ను పొమ్మన్నోళ్లందరూ సూడాల."

చర్చిలో పెళ్లంటే మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. మూడో ఆదివారం నూకాలు కూడా వచ్చి ఆఖరి వరసలో కూర్చుంది. అరవై ఏళ్ల పెళ్లికొడుకు తలెత్తలేదు. అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పాలన్నారు పాస్టరు గారు. సూర్యకాంతమ్మ లేచి నిలబడింది. నూకాలు ముఖం పాలిపోయింది.

"నా అభ్యంతరం పదిహేనేళ్ల కిందటే చెప్పానండి. అది తప్పు," అందామె. "ఇప్పుడు లేచింది వేరే పనికి. పెళ్లికూతురి తరఫున పెద్దలెవరూ లేరు కదా, నా పేరు రాసుకోండి."